ఎక్స్‌డీ కార్డులో మా అమ్మ

మొన్న సంక్రాంతికి ముందు బీరువా సర్దుతుంటే పై అరలో మా అమ్మ కళ్లజోడు పెట్టె దొరికింది. అమ్మ పోయాక ఆ ఇంట్లోంచి నేను తెచ్చుకున్న నాలుగు వస్తువుల్లో అదొకటి. తెరిచి చూస్తే కళ్లజోడు కింద గుడ్డముక్కలో చుట్టి తపాలా బిళ్లంత నల్లటి ముక్క ఒకటుంది. పారేస్తారేమోనని నేనే అందులో దాచి, ఆ సంగతే మర్చిపోయాను.

"ఇదేంటమ్మా, పాతకాలం సిమ్మా?" అంది మా అమ్మాయి.

సిమ్ము కాదు, మెమరీ కార్డు. 2004లో అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడు తెచ్చిన డిజిటల్ కెమెరాలోది. మా అమ్మాయి అన్నప్రాసన తెనాలి దగ్గర అమ్మావాళ్ల ఊళ్లో చేశాం. ఆ రోజు తీసిన ఫొటోలు అందులోనే ఉన్నాయి. కడిగించుకుందాం, కడిగించుకుందాం అనుకుంటూ రెండు ఇళ్లు మారాం. రెండోసారి ఇల్లు మారేటప్పుడు కెమెరా పనిచెయ్యట్లేదని నా చేత్తోనే పాత సామాన్లవాడికి వేసేశాను. కార్డు మాత్రం తీసి దాచాను. ఆ మాత్రం తెలివి ఎలా పనిచేసిందో!

సంబరంగా దాన్ని లాప్‌టాప్ పక్కనున్న సందులో దూర్చబోయాను. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. "అమ్మా, ఇది ఎస్‌డీ కార్డు కాదు. దాని మీద ఎక్స్‌డీ అని ఉంది చూడు. ఇందులో పట్టదు" అంది. నా ఫోనులో పట్టదు, మావారి ఆఫీసు కంప్యూటర్లో పట్టదు, మా వదిన ఇంట్లో ఉన్న కార్డ్ రీడర్లోనూ పట్టదు. ఫొటోలు నా అరచేతిలోనే ఉన్నాయి, చూసే దారి మాత్రం లేదు.

కుక్కర్ గాస్కెట్ బాధ మీకు తెలియనిదా? అన్నీ గుండ్రంగానే ఉంటాయి, అన్నీ నల్లగానే ఉంటాయి. కానీ ఈ కంపెనీది ఆ కుక్కర్‌కి పట్టదు. అయిదు లీటర్లది తెచ్చాననుకుని ఇంటికొచ్చి చూస్తే మూత బిగుసుకోదు. గాస్కెట్టయితే మార్చుకొస్తాం. కార్డు లోపల అమ్మ ఉంటే? ఆ ఉక్రోషంతోనే ఈ కార్డుల కథ చదవడం మొదలుపెట్టాను. తెలియనివి మా అమ్మాయి విప్పి చెప్పింది. బి.ఏ. తెలుగు చదివినదానికి ఇదెందుకు అనుకుంటారేమో గానీ, నిజం చెప్పాలంటే ఇది కూడా దాయాదుల తగాదాల కథే.

ముందు దీని లోపల ఏముందో చెప్పాలి. కార్డుల ఆకారాలు ఎన్ని ఉన్నా లోపలి సరుకు ఒక్కటే. దాన్ని ఫ్లాష్ మెమరీ అంటారు. జపాన్‌లో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా అనే ఇంజనీరు కనిపెట్టి 1984లో ప్రపంచానికి చూపించాడు. ఇప్పటి కార్డులన్నిటికీ మూలమైన నాండ్ అనే రకం 1987లో వచ్చింది. సమాచారమంతా ఒక్క దెబ్బతో చెరిగిపోవడం చూసి, కెమెరా ఫ్లాష్ వెలిగినట్టుందని ఆయన సహోద్యోగి ఒకాయన ఆ పేరు సూచించాడట. లోపల కంటికి కనపడని కోట్లకొద్దీ గదులుంటాయి. మూతికి గుడ్డ కట్టిన ఆవకాయ జాడీలనుకోండి. జాడీలో ఎలక్ట్రాన్లు నింపితే ఒక అంకె, ఖాళీగా ఉంచితే ఇంకో అంకె. కరెంటు లేకపోయినా జాడీలోది జాడీలోనే ఉంటుంది. అందుకే ఫొటో నిలుస్తుంది.

ఇంత కనిపెట్టిన మనిషికి కంపెనీ ఇచ్చిన ప్రతిఫలం చాలా తక్కువని ఆయన తర్వాత కోర్టుకెక్కాడు. వంద కోట్ల యెన్లు అడిగితే చివరికి 2006లో 8.7 కోట్ల యెన్లకి రాజీ కుదిరింది. చేసినవాళ్లు ఒకరు, పేరు ఇంకొకరిది. వంటింట్లో ఉన్నవాళ్లకి ఇదేం కొత్త సంగతి కాదు లెండి.

ఇక ఆకారాల గొడవ. 1994లో శాన్‌డిస్క్ కంపెనీ కాంపాక్ట్‌ఫ్లాష్ తెచ్చింది. చిన్న అగ్గిపెట్టెంత వెడల్పు, లోపలికి యాభై సూదులు పట్టే రంధ్రాలు, గట్టి ముక్క. పెళ్లి ఫొటోగ్రాఫర్ల పెద్ద కెమెరాల్లో అది చాలాకాలం బతికింది. మరుసటి ఏడాదే తోషిబా స్మార్ట్‌మీడియా అని ఇంకోటి తెచ్చింది. అది అట్టముక్కలా పల్చన, ఒక మిల్లీమీటరు కూడా లేదు. పల్చగా ఎందుకుందంటే లోపల తెలివి లేదు కాబట్టి. కాంపాక్ట్‌ఫ్లాష్‌లో, ఏది ఎక్కడ పెట్టాలో చూసుకునే చిన్న మెదడు కార్డులోనే ఉండేది. స్మార్ట్‌మీడియాలో ఆ పనంతా కెమెరాదే. దాంతో కార్డు చవక. కానీ పెద్ద కార్డు కొత్తగా వస్తే పాత కెమెరాకి దాన్ని ఎలా వాడాలో తెలియదు. అత్తగారికి చెప్పకుండా కొత్త కోడలికి స్టోర్‌రూమ్ తాళాలు ఇచ్చినట్టు! 128 ఎం.బి. దగ్గరికొచ్చేసరికి దాని ఆయుష్షు అయిపోయింది.

ఈలోగా 1997లో శాన్‌డిస్క్, సీమెన్స్ కలిసి మల్టీమీడియా కార్డు తెచ్చాయి. దాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1998లో సోనీ దిగింది. మెమరీ స్టిక్. పొడవుగా, సన్నగా, చూయింగ్ గమ్ ముక్కలా ఉండేది. ఒకటే మాట చెప్పుకోవాలి, చూడ్డానికి అన్నిటికంటే అందమైనది అదే. సోనీ కెమెరా, సోనీ లాప్‌టాప్, ఐబో అనే సోనీ రోబో కుక్కపిల్ల, అన్నిటిలో అదే స్టిక్. ఇల్లంతా ఒకే కంపెనీ సామాను ఉంటే స్వర్గం. పక్కింటి వస్తువు ఒక్కటి గడప దాటితే మాత్రం కష్టం. వీడియో క్యాసెట్ల కాలంలో ఈ కంపెనీదే బీటామ్యాక్స్ 1975లో ముందే వచ్చింది. తర్వాతి ఏడాది వచ్చిన వీహెచ్‌ఎస్ చేతిలో ఓడిపోయింది. ఆ దెబ్బ తిన్నాక కూడా మళ్లీ మా దారి మాదే అన్నారంటే ధైర్యమనాలో, పంతమనాలో నాకు తెలియదు.

పైగా స్టిక్కులో స్టిక్కులు. మొదటిదాని హద్దు 128 ఎం.బి. అది చాలక ఒకే స్టిక్కులో రెండు 128లు పెట్టి, వెనక చిన్న మీట పెట్టారు. ఈ సగం నిండాక మీట జరిపి ఆ సగం వాడుకోవాలి. నాకైతే రెండు సిలిండర్ల గ్యాస్ కనెక్షన్ గుర్తొచ్చింది. తర్వాత 2003లో ప్రో వచ్చింది. ఆకారం అదే, కానీ పాత సోనీ వస్తువుల్లో పనిచెయ్యదు. పొట్టిది డ్యుయో, పొట్టిదాంట్లో మళ్లీ ప్రో డ్యుయో, ఇంకా చిన్నది మైక్రో. ఒకే ఇంటిపేరు గలవాళ్లంతా ఒకరింటికి ఒకరు రాకపోకలు లేనట్టు.

సోనీకి ఎదురుగా 1999లో మూడు కంపెనీలు చేతులు కలిపాయి. అప్పటికి మత్సుషిత అని పిలిచే పానసోనిక్, తోషిబా, శాన్‌డిస్క్. అవి తెచ్చిందే ఎస్‌డీ కార్డు. మరుసటి జనవరిలో ఒక సంఘం పెట్టి, ఎవరైనా చేరండి, ఎవరైనా చెయ్యండి, ఫీజు కట్టి నియమాలు పాటించండి అన్నాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మల్టీమీడియా కార్డు ఉంది చూశారూ, ఎస్‌డీ పొడవు వెడల్పులు సరిగ్గా దానివే. కాస్త మందం పెంచారంతే. కాబట్టి పాత కార్డు కూడా కొత్త గుంటలో పట్టింది. ఉన్నవాటిని పారేసుకోకుండా కొత్తది తెచ్చుకోవచ్చంటే ఏ ఇల్లాలైనా దానికే కదా మొగ్గు చూపేది!

దీని పేరులో ఒక తమాషా ఉంది. ఎస్‌డీ అంటే సెక్యూర్ డిజిటల్. ఆ భద్రత మన ఫొటోలకి అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. కాదట, పాటల కంపెనీలకట! ఇంటర్నెట్‌లో ఎంపీత్రీ పాటలు విచ్చలవిడిగా పంచుకుంటున్న రోజులవి. ఈ కార్డులో ఎక్కించిన పాటని ఇంకొకరు కాపీ కొట్టలేకుండా లోపల తాళం పెట్టారు. ఆ గుర్తు మీద డి అక్షరం గుండ్రటి డిస్కులా ఎందుకుంటుందో కూడా ఇప్పుడే తెలిసింది. డీవీడీ రాకముందు తోషిబావాళ్లు సూపర్ డెన్సిటీ డిస్క్ అని ఒకటి తయారుచేసి ఆ బొమ్మ గీయించుకున్నారు. డిస్కు ఆ పేరుతో బయటికి రాలేదు. బొమ్మ ఖాళీగా ఉందని కార్డుకి పెట్టేశారు. పెద్దపిల్లకి కుట్టించిన గౌను చిన్నపిల్లకి తొడిగినట్టు.

పాటల కాపీ ఆపడానికి పుట్టిన కార్డు మన ఊళ్లలో ఎలా పేరు తెచ్చుకుందో మీకు నేను చెప్పాలా? బస్టాండు పక్కన సెల్ పాయింటు, బయట "పాటలు ఎక్కించబడును" అని బోర్డు. పది రూపాయలిస్తే ఫోనులోని చిప్పు తీసి, కంప్యూటరుకి పెట్టి, కొత్త సినిమా పాటలన్నీ నింపి ఇచ్చేవాడు. ఇంకో పదిస్తే సినిమానే. మన దగ్గర దాన్ని మెమరీ కార్డు అన్నవాళ్లకంటే చిప్పు అన్నవాళ్లే ఎక్కువ. మా అత్తగారికి మావారు కొనిచ్చిన చిన్న ఎర్ర స్పీకరు డబ్బాలో కూడా ఆ చిప్పే. పొద్దున్నే సుప్రభాతం, సాయంత్రం విష్ణు సహస్రనామం. ఆ తాళం సంగతి ఆ షాపువాడికీ తెలియదు, మా అత్తగారికీ తెలియదు.

ఆ చిప్పు ఎస్‌డీ వంశంలో చివరి పిల్ల. 2003లో మినీ ఎస్‌డీ వచ్చింది. 2004లో శాన్‌డిస్క్, మోటరోలా కలిసి ట్రాన్స్‌ఫ్లాష్ అని వేలిగోరంత కార్డు చేస్తే, మర్నాటి ఏడాది ఎస్‌డీ సంఘం దాన్ని దత్తత తీసుకుని మైక్రో ఎస్‌డీ అని పేరు పెట్టింది. పదిహేను మిల్లీమీటర్ల పొడవు, పదకొండు వెడల్పు. దాన్ని పెద్ద కార్డు ఆకారంలో ఉన్న తొడుగులో పెడితే కెమెరాలోనూ పనిచేస్తుంది. పిల్ల కార్డుని తల్లి కార్డు కడుపులో పెట్టుకున్నట్టు. ఒక్క నోకియా ఫోన్లు చూసినా ఈ కథంతా కనపడుతుంది. 6600లో మల్టీమీడియా కార్డు, ఎన్70లో దాన్నే సగానికి కుదించినది, ఎన్73లో మినీ ఎస్‌డీ, ఆ తర్వాతవాటిలో మైక్రో. మావారి దగ్గర ఈ నాలుగింట్లో రెండు ఫోన్లుండేవి. ఒకదాని కార్డు రెండోదాంట్లో పట్టక ఆయన తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

అలాగని ఎస్‌డీవాళ్లు మరీ ధర్మాత్ములేం కాదు. 2006లో ఎస్‌డీహెచ్‌సీ అని ఎక్కువ పట్టే కార్డు తెచ్చారు. ఆకారం అచ్చు అదే. పాత కెమెరాలో సుబ్బరంగా దూరుతుంది, పనిచెయ్యదు. దూరకపోతే షాపులోనే తెలుస్తుంది. దూరి పనిచెయ్యకపోతే ఇంటికొచ్చాక తెలుస్తుంది. ఏది నయం చెప్పండి?

ఇంతకీ నా కార్డు. స్మార్ట్‌మీడియా ఆయుష్షు తీరాక, దాన్నే నమ్ముకున్న ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కంపెనీలు రెండూ ఏం చెయ్యాలా అని ఆలోచించాయి. అప్పటికే సోనీ ఇల్లు ఒకటి, ఎస్‌డీ ఇల్లు ఒకటి ఉన్నాయి. ఎవరింటికో అద్దెకెళ్లడం ఎందుకని 2002లో మూడో ఇల్లు కట్టుకున్నాయి. అదే ఎక్స్‌డీ పిక్చర్ కార్డు. ఇరవై మిల్లీమీటర్లు, ఇరవై అయిదు మిల్లీమీటర్లు. అప్పటికి ఎస్‌డీ కంటే చిన్నది, ముద్దుగా ఉండేది. కానీ దాన్ని వాడేవి ముఖ్యంగా ఆ రెండు కంపెనీల కెమెరాలే. ఫోన్లలోకి రాలేదు, పాటల్లోకి రాలేదు. పెద్ద కార్డు కావాలంటే 2 జి.బి. దగ్గరే ఆగిపోయింది. వాడేవాళ్లు తక్కువ కాబట్టి ధర ఎక్కువ, ధర ఎక్కువ కాబట్టి వాడేవాళ్లు తక్కువ. 2010 వచ్చేసరికి ఆ రెండు కంపెనీలూ ఎస్‌డీ దారికొచ్చేశాయి. అదే ఏడాది జనవరిలో సోనీ కూడా తన పేరుతో ఎస్‌డీ కార్డులు అమ్ముతానని ప్రకటించింది. పదేళ్లలో యుద్ధం అయిపోయింది.

గెలిచిన కార్డు అందరికంటే మంచిదని గెలవలేదు. ఎక్కువమందిని లోపలికి రానిచ్చింది కాబట్టి గెలిచింది. బాగానే ఉంది. కానీ ఓడినవాళ్లు ఏం పోగొట్టుకున్నారు? కంపెనీలు ఇంకో గుంట పెట్టుకున్నాయి, అంతేగా. 2004లో మా తమ్ముడు ఏ గుంట ఉందో చూసి కెమెరా కొన్నాడా? ఎర్రరంగుది అక్కకి బావుంటుందని కొన్నాడు. ఆ యుద్ధంలో మనం ఏ పక్షమో మనకే తెలియకుండా, మన పిల్లల అన్నప్రాసనలూ, మన అమ్మలూ ఓడిపోయిన పక్షంలో ఇరుక్కుపోయారు.

డిగ్రీలో మాకు అన్నమయ్య కీర్తనల పాఠం చెబుతూ, అవి తిరుమలలో రాగిరేకుల మీద చెక్కి సంకీర్తన భాండాగారంలో భద్రపరిచారని చెప్పారు. వందల ఏళ్లు అక్కడే ఉండిపోయినా బయటికి తీసినప్పుడు చదవగలిగారు. రాగిరేకుకి రీడర్ అక్కర్లేదు, అక్షరం వస్తే చాలు. నా కార్డుకి నిండినవి ఇరవై చిల్లర ఏళ్లే. ఇంకో భయం కూడా పట్టుకుంది. ఆ జాడీల్లో ఎలక్ట్రాన్లు ఎప్పటికీ ఉండవట. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పక్కన పడేస్తే కొంచెం కొంచెంగా కారిపోతాయట. అంటే రీడర్ దొరికినా లోపల ఏమీ లేకపోవచ్చు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఊరగాయ జాడీలు నెలకోసారి తీసి చూసుకునేదాన్ని, దీన్ని ఒక్కసారి చూసుకోలేకపోయానే అని.

ఇప్పుడు గెలిచినవాడి సంగతీ అంతంతమాత్రంగానే ఉంది. ఐఫోన్‌లో మొదటి నుంచీ కార్డు గుంటే లేదు. సామ్‌సంగ్ వాళ్లు 2015లో గెలాక్సీ ఎస్6లో తీసేసి, జనం గోల చేస్తే మరుసటి ఏడాది మళ్లీ పెట్టి, 2021లో ఎస్21లో మళ్లీ తీసేశారు. నా కొత్త ఫోనులోనూ లేదు. ఫొటోలన్నీ ఎక్కడో ఉంటాయట, నెలనెలా అద్దె కట్టాలట. దాని కథ ఇంకోసారి రాసుకుందాం.

మూడు వారాలు వెతికాం. దొరికే రీడర్లన్నీ ఎస్‌డీ, మైక్రో ఎస్‌డీలవే. చివరికి ఒక శనివారం నేనూ మా అమ్మాయీ సికింద్రాబాద్‌లో సి.టి.సి.కి వెళ్లాం. షాపు షాపుకీ కార్డు చూపిస్తే కుర్రాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశారు. ఏడో షాపులో నెరిసిన జుట్టాయన ఒకరు, చూడగానే "ఎక్స్‌డీ" అన్నారు. లోపలికెళ్లి దుమ్ము పట్టిన డబ్బా తెచ్చారు. అరచేతంత పెట్టెకి నాలుగు నోళ్లు. ఒకదాని మీద కాంపాక్ట్‌ఫ్లాష్, ఇంకోదాని మీద మెమరీ స్టిక్, ఇంకోదాని మీద ఎస్‌డీ, చివరిదాని మీద స్మార్ట్‌మీడియా, ఎక్స్‌డీ రెండూ. నేనింతసేపూ చెప్పిన కథంతా ఆ ముఖం మీద రాసి ఉంది. "ఇక్కడే చూసుకోండమ్మా" అన్నారు. వద్దన్నాను. ఉందో లేదో నలుగురిలో తెలుసుకోవాలనిపించలేదు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, కూర్చుని, పెట్టాం. చిన్న పచ్చ లైటు వెలిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత వరసగా బొమ్మలు వచ్చాయి. 16 ఎం.బి. కార్డులో పదిహేడు ఫొటోలు. రెండు సగం వరకే వచ్చి కింద బూడిదరంగు పట్టీ పడింది. మిగతా పదిహేనూ నిన్న తీసినట్టున్నాయి. పీటల మీద పెట్టిన వెండిగిన్నె, పరమాన్నం మూతికి పూసుకున్న మా అమ్మాయి, పట్టుచీర కొంగు నడుముకి దోపి అటూ ఇటూ తిరుగుతున్న అమ్మ. చివర్లో ఒక వీడియో కూడా ఉంది. పదిహేను సెకన్లు. అది ఉందని నాకే తెలియదు.

మనవరాలిని ఒళ్లో వేసుకుని, కాళ్లు ఊపుతూ, అమ్మ ఏదో అంటోంది. పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. లాప్‌టాప్ శబ్దం పెంచాం, ఇయర్‌ఫోన్లు పెట్టాం. తర్వాత మా అమ్మాయి చూసి చెప్పింది, ఆ ఫైల్లో అసలు శబ్దమే లేదట. అప్పటి చవకరకం కెమెరాల్లో చాలావాటికి మైకు ఉండేది కాదట. అమ్మ గొంతు కార్డులోంచి కారిపోలేదు. అసలు ఎక్కనే లేదు.

ఏడెనిమిది సార్లు చూశాను. పెదాలు చూస్తే, తల ఆడించడం చూస్తే, నాకు అర్థమైపోయింది. చిన్నప్పుడు నాకూ తమ్ముడికీ పాడిన జోలపాటే. మొదటి మాట దగ్గర పెదాలు కలిసి విడిపోతాయి, సరిగ్గా అలాగే.

వీడియో తమ్ముడికి పంపాను. అక్కడ తెల్లవారుజాము. అయిదు నిమిషాల్లో ఫోన్ చేశాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

"పాట గుర్తుపట్టావా?" అన్నాను.

"పాటేంటక్కా? ఆ వీడియో తీసింది నేను. అమ్మ పాడట్లేదు. నన్నే చూసి తిడుతోంది. ఆ పెట్టె అవతల పారేసి భోజనానికి రారా, అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు అంటోంది" అన్నాడు.

మళ్లీ చూశాను. అలా చూస్తే అలాగే ఉంది.

ఇప్పుడా ఫొటోలు మా లాప్‌టాప్‌లో ఒకటి, తమ్ముడి దగ్గర ఒకటి, ఒక పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉన్నాయి. పదిహేనూ కాగితం మీద కడిగించి ఆల్బంలో పెట్టాను. వీడియోని కాగితం మీద కడిగించడం కుదరదు కదా. అది పాటా, కేకలా అన్నది మాత్రం నాకూ తమ్ముడికీ ఇంకా తేలలేదు. ఈ వేసవికి వాడొస్తున్నాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూస్తాం.